సీలు వేసి తెచ్చిన సీసాల మీద సంతకం పెట్టేశాను: బంకరింగ్ శాంపిల్ గురించి సలహా కావాలి

కొత్త_ఫోర్త్:
అందరికీ నమస్కారం. నౌకలో ఫోర్త్ ఇంజనీరుగా ఇది నా రెండో కాంట్రాక్టు. బంకరింగ్ (నౌకకి ఆయిల్ ఎక్కించుకునే) పని మొత్తం నా చేతికి రావడం మాత్రం ఇదే మొదటిసారి. మొన్న బార్జ్ (ఆయిల్ తెచ్చే చిన్న నౌక) నుంచి 600 టన్నుల వీఎల్ఎస్ఎఫ్ఓ (సల్ఫర్ బాగా తక్కువున్న నౌకా ఇంధనం) తీసుకున్నాం. గంటకు 75 టన్నుల లెక్కన దాదాపు ఎనిమిది గంటలు పట్టింది.

మా మానిఫోల్డ్ (బార్జ్ గొట్టం మా పైపులకి కలిసే చోటు) దగ్గర డ్రిప్ శాంప్లర్ (ఆయిల్ని చుక్కచుక్కగా తీసే పరికరం) బిగించి, ఐదు లీటర్ల క్యూబిటైనర్ (ప్లాస్టిక్ డబ్బా) తగిలించి సీలు వేశాను. అంతవరకు బాగానే ఉంది. తర్వాత ట్యాంకుల సౌండింగ్ (ఎంత నిండిందో కొలవడం) హడావిడిలో పడిపోయాను. మూడో గంటలో మోటార్‌మ్యాన్ వచ్చి "సాబ్, డబ్బా నిండిపోయింది" అన్నాడు. గబగబా వెళ్లి నీడిల్ వాల్వ్ మూసేశాను. మిగతా ఐదు గంటల శాంపిల్ లేదు.

ఇంకో తప్పు కూడా చేశాను. పని అయ్యాక బార్జ్ వాళ్ల మనిషి నాలుగు సీసాలు తెచ్చాడు. అప్పటికే సీలు వేసి, లేబుల్ అంటించి ఉన్నాయి. వాళ్ల బార్జ్ మీద తీశామన్నాడు, కానీ లేబుల్ మీద "నౌక మానిఫోల్డ్" అని అచ్చు వేసి ఉంది. పైలట్ (నౌకకి రేవు దారి చూపే మనిషి) ఎక్కడానికి టైమ్ అయింది, తొందరగా కానివ్వమని పైనుంచి ఒకటే ఫోన్లు. సంతకం పెట్టేశాను. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది.

మూడో సంగతి. పాత శాంపిల్ సీసాలన్నీ ప్యూరిఫయర్ (ఆయిల్ శుద్ధి చేసే యంత్రం) రూమ్‌లో ఒక అట్టపెట్టెలో ఉన్నాయి. లెక్కపెడితే 27. కొన్నిటి లేబుళ్లు నూనెకి చెరిగిపోయాయి. వీటిని ఏం చేయాలి?

మోటార్‌మ్యాన్9:
అన్నా, మీ మోటార్‌మ్యాన్‌కి ఒక టీ ఇప్పించండి ముందు. చూసి చెప్పాడు కదా. మా దగ్గరైతే డబ్బా పొంగి ట్రే అంతా నిండాక తెలిసింది.

పాత_చీఫ్:
తమ్ముడూ, ఈ రెండు తప్పులూ చేయని ఇంజనీరు నాకైతే ఎదురుపడలేదు. నేనూ చేశాను. కాబట్టి కంగారు పక్కన పెట్టు.

ముందు సంతకం సంగతి. ఇంకా లెటర్ ఆఫ్ ప్రొటెస్ట్ (అభ్యంతరం తెలిపే ఉత్తరం) ఇవ్వకపోతే ఈరోజే ఇవ్వు. కెప్టెన్‌తో మాట్లాడి, ఏజెంట్ ద్వారా సప్లయర్‌కి పంపించు. జరిగింది జరిగినట్టు రాయి: ఫలానా సీలు నంబర్ల సీసాలు మా మానిఫోల్డ్ దగ్గర తీసినవి కావు, తీస్తుండగా మా మనుషులెవరూ చూడలేదు, తెచ్చి ఇస్తే అందుకున్నాం. ఆలస్యంగా ఇచ్చిన ప్రొటెస్ట్‌కి బలం తక్కువే, కానీ అసలు లేకపోవడం కంటే నయం. తేదీ మాత్రం ఇవాళ్టిదే వేయాలి. వెనక్కి వేసి రాయమని ఎవరైనా సలహా ఇస్తే వినకు.

ఇలాంటి సీసాలు ఇంకోసారి తెస్తే, సంతకం పక్కనే "అందుకున్నట్టు మాత్రమే, ఎక్కడ తీశారో తెలియదు" అని చేత్తో రాసి పెట్టు. వద్దని వాళ్లు గొడవ చేస్తే సంతకమే పెట్టకు, ప్రొటెస్ట్ రాసిచ్చేయి. పైలట్ ఓ పది నిమిషాలు ఆగితే ఏమీ కాదు.

బార్జ్_బాబాయి:
ఇలాంటి చర్చ వచ్చినప్పుడల్లా బార్జ్ వాళ్లం దొంగలమైపోతాం. పదేళ్లు బార్జ్ మీద పనిచేశాను, మా వైపు సంగతీ వినండి.

మా అమ్మకపు షరతుల్లో చాలాసార్లు "బార్జ్ మానిఫోల్డ్ దగ్గర తీసిన శాంపిలే ప్రమాణం" అని ఉంటుంది. నౌకని అద్దెకు తీసుకున్నవాళ్లు ఆ షరతులకి ఒప్పుకునే ఆయిల్ కొంటారు. ఇంజనీరుకి ఆ కాగితం కనబడదు. మేము శాంపిల్ మొదలుపెట్టేటప్పుడు వచ్చి చూడమని పిలుస్తాం, పిలిచినట్టు ఒక కాగితం మీద సంతకం కూడా తీసుకుంటాం. పదిసార్లు పిలిస్తే ఎనిమిదిసార్లు ఎవరూ దిగి రారు. వచ్చినా సీలు నంబరు చూసి, ఫోటో తీసుకుని వెళ్లిపోతారు.

అలాగని లేబుల్ మీద "నౌక మానిఫోల్డ్" అని ముందే అచ్చు వేయడం తప్పు కాదని నేను అనను. అది తప్పే.

ఉప్పుగాలి:
బాబాయ్ గారు చెప్పినదాంట్లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. చాలామంది తికమకపడేది ఇక్కడే.

ఒకటి వ్యాపార శాంపిల్. నాణ్యత మీద గొడవ వస్తే అమ్మినవాడికీ కొన్నవాడికీ మధ్య తేల్చేది అది. అది ఎక్కడ తీయాలో వాళ్ల ఒప్పందం చెబుతుంది. బార్జ్ దగ్గర అని రాసుకుంటే అలాగే.

రెండోది మార్పోల్ (నౌకల కాలుష్యం మీద అంతర్జాతీయ నిబంధనలు) శాంపిల్. దీనికి ఒప్పందంతో పని లేదు. మార్పోల్ ఆరో అనుబంధంలో 18వ నిబంధన, దాని మీద ఐఎంఓ (అంతర్జాతీయ సముద్ర సంస్థ) ఇచ్చిన మార్గదర్శకాలు దీన్ని చూసుకుంటాయి. ఆయిల్ తీసుకునే నౌక మానిఫోల్డ్ దగ్గరే, ఆయిల్ వస్తున్నంతసేపూ ఆగకుండా తీయాలి. 2009లో వచ్చిన మార్గదర్శకాలు సీసాలో 400 మిల్లీలీటర్లకు తగ్గకూడదన్నాయి. పని పూర్తయ్యాక సప్లయర్ మనిషీ, కెప్టెన్ గానీ బంకరింగ్ చూసే ఆఫీసర్ గానీ ఇద్దరూ సంతకం పెట్టాలి. బార్జ్ మీద తీసిన సీసాకి మార్పోల్ లేబుల్ వేసి ఇస్తే, ఆ శాంపిల్ నిబంధన ప్రకారం తీసింది కాదు. అప్పుడు సప్లయర్‌కి ప్రొటెస్ట్ ఇచ్చి ఊరుకుంటే చాలదు. నౌక జెండా దేశానికి కెప్టెన్ తెలియజేయాలి, బంకర్ తీసుకున్న రేవు అధికారులకి కాపీ పంపాలి. నీ కేసులో అదీ చేయించు, ఫోర్త్.

కొత్త_ఫోర్త్:
థ్యాంక్స్ సార్. ప్రొటెస్ట్ ఈరోజు పొద్దున్నే పంపాం. జెండా దేశానికి కూడా పంపాలని కెప్టెన్ గారికి ఇప్పుడే చెప్పాను. ముందు కాస్త విసుక్కున్నారు, నిబంధన చూపించాక "సరే, డ్రాఫ్ట్ చెయ్" అన్నారు.

మరి సగంలో నిండిన నా క్యూబిటైనర్ సంగతి? అది పారేయాలా?

గ్రీజ్‌గన్:
బ్రో, సింపుల్. ఆయిల్ ఏ ట్యాంకులోకి వెళ్లిందో దాంట్లోంచి ఒక రెండు లీటర్లు తీసి క్యూబిటైనర్‌లో కలిపేయ్. సరాసరి వచ్చేస్తుంది. ఎవడికి తెలుస్తుంది?

పాత_చీఫ్:
గ్రీజ్‌గన్, దయచేసి కొత్తపిల్లలకి ఇలాంటివి నేర్పొద్దు. ట్యాంకు అడుగున పాత ఆయిల్ ఉంటుంది, నీళ్లుంటాయి. రేపు ఆ సీసాలో నీళ్లు ఎక్కువని రిపోర్ట్ వస్తే అవి బార్జ్ నీళ్లా, మన ట్యాంకు నీళ్లా? మన శాంపిల్‌ని మనమే పాడుచేసుకున్నట్టు. పైగా డ్రిప్ శాంపిల్ అని సంతకం పెట్టి అందులో ఇంకోటి కలపడాన్ని మోసం అంటారు.

ల్యాబ్_అక్క:
నేను ఆయిల్ పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. బాబూ, ఆ క్యూబిటైనర్ పారేయకు. మొదటి మూడు గంటల ఆయిల్‌కి అది నిజమైన సాక్షి. లేబుల్ మీద వాల్వ్ తెరిచిన టైమ్, మూసిన టైమ్ రాసి అలాగే పంపు. ల్యాబ్ వాళ్లకి అబద్ధం చెప్పకపోతే మేము దానికి తగ్గట్టే చదువుతాం. ట్యాంకు శాంపిల్ తీయాలనుకుంటే వేరే సీసాలో తీసి "ట్యాంకు శాంపిల్" అనే లేబుల్ వేసి పంపు.

ఇక నిండిపోవడం గురించి. నీడిల్ వాల్వ్‌ని కంటితో చూసి సరిచేస్తే ఎప్పుడూ ఇంతే అవుతుంది. లెక్క వేసుకో. ఐదు లీటర్ల డబ్బాలో నాలుగు లీటర్లు చాలనుకుందాం. ఎనిమిది గంటలంటే 480 నిమిషాలు. 4000ని 480తో భాగిస్తే నిమిషానికి 8.3 మిల్లీలీటర్లు. దగ్గు మందు సీసా మూతంత గిన్నె ఒకటి పెట్టి, ఒక నిమిషంలో ఎంత పడుతుందో కొలిచి వాల్వ్ సరిచెయ్. ఆ తర్వాతే క్యూబిటైనర్ తగిలించి సీలు వెయ్. నువ్వు పెట్టింది దాదాపు మూడు రెట్లు వేగం.

కొత్త_ఫోర్త్:
అక్కా, నేను నిజంగానే చుక్కలు చూసి "బాగానే పడుతోంది" అనుకున్నాను. 😔

డెక్_సెకండ్:
లెక్క బాగుంది గానీ మధ్యలో పంపింగ్ వేగం మారుతుంది కదా? మొదట నెమ్మదిగా, తర్వాత ఫుల్, చివర ట్యాంకు నింపేటప్పుడు మళ్లీ నెమ్మదిగా. లైన్ ప్రెషర్ మారితే డ్రిప్ కూడా మారుతుంది.

ల్యాబ్_అక్క:
మారుతుంది. అందుకే గంటకోసారి వెళ్లి డబ్బా ఎంత నిండిందో చూసి టైమ్‌తో సహా రాసుకోమంటాను. నాలుగో గంటకి సగం కంటే ఎక్కువ ఉంటే వాల్వ్ కాస్త బిగించాలి. మార్గదర్శకాలు మూడు పద్ధతుల్ని ఒప్పుకుంటాయి. చేత్తో వాల్వ్ పెట్టే డ్రిప్, టైమ్ ప్రకారం తీసే ఆటోమేటిక్, ప్రవాహం ప్రకారం తీసే ఆటోమేటిక్. మీరు చెప్పిన ఇబ్బందికి మూడోదే సరైన మందు, కానీ ఎక్కువ నౌకల్లో ఉండేది మొదటిదే.

ముందు జాగ్రత్తగా రెండో క్యూబిటైనర్ పక్కన పెట్టుకోండి. మొదటిది నిండితే వాల్వ్ మూసేయకుండా రెండోది తగిలించి, దానికీ సీలు వేసి, మార్చిన టైమ్ ఇద్దరి సంతకాలతో రాసుకోవచ్చు.

ఇంకో మాట. సీసాల్లోకి పోసేటప్పుడు చాలామంది చేసే తప్పు, ఒక సీసా పూర్తిగా నింపి తర్వాతదానికి వెళ్లడం. నీళ్లు, మడ్డి కిందికి దిగుతుంటాయి. దాంతో మొదటి సీసాలో ఒక ఆయిల్, చివరి సీసాలో ఇంకో ఆయిల్ ఉంటుంది. క్యూబిటైనర్‌ని రెండు మూడు నిమిషాలు బాగా కుదిపి, నాలుగు సీసాలూ వరసగా పెట్టి, ఒక్కోదాంట్లో మూడో వంతు పోసుకుంటూ వెళ్లి మళ్లీ మొదటికి రావాలి. కనీసం మూడు విడతలు. సీసా 90 శాతం దాకా నింపితే చాలు, ఓ ఐదు శాతం అటూ ఇటూ. మూతదాకా పోస్తే వేడికి వ్యాకోచించి కారుతుంది. లేబుళ్లు చెరిగిపోవడానికి ఒక కారణం అదే.

సీసాలు కొత్తవే వాడాలి. ఒకసారి మాకు తాగే నీళ్ల సీసాలో వచ్చింది శాంపిల్. నీటి శాతం ఎక్కువ అని రాస్తే ఫోన్ చేసి గొడవ.

ట్యాంక్‌టాప్:
సల్ఫర్ గురించి ఒక సందేహం. మాకు మా సొంత శాంపిల్ ఒకసారి 0.52 వచ్చింది. బీడీఎన్‌లో (సప్లయర్ ఇచ్చే బంకర్ డెలివరీ నోట్‌లో) 0.48. ఒకరు పర్వాలేదన్నారు, ఒకరు గొడవ పెట్టాలన్నారు.

ల్యాబ్_అక్క:
ఇద్దరిదీ సగం సగం నిజం. 2020 జనవరి 1 నుంచి పరిమితి 0.50 శాతం, ఉద్గార నియంత్రణ ప్రాంతాల్లో 2015 నుంచి 0.10. ఏ పరీక్షకైనా కొంత తేడా సహజం. నౌక వాడుతున్న ఆయిల్ నుంచి, అంటే సర్వీస్ ట్యాంకు తర్వాత లైన్లో అధికారులు తీసిన శాంపిల్‌కి 0.53 దాకా, 0.10 ఉన్నచోట 0.11 దాకా ఒప్పుకుంటారు. ఈ తరహా శాంపిల్‌కి నియమాలు 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

కానీ సీలు వేసిన మార్పోల్ సీసాకి ఆ వెసులుబాటు లేదు. అది 0.50 లోపలే ఉండాలి, ఎందుకంటే అది సప్లయర్ ఏమిచ్చాడో చెప్పే సీసా. కాబట్టి మీ 0.52తో మీ ఇంజన్ తప్పులో పడదు, అయినా సప్లయర్‌కి ప్రొటెస్ట్ ఇవ్వడం, జెండా దేశానికి చెప్పడం మంచిది.

గ్రీజ్‌గన్:
అయితే అలాంటప్పుడు మార్పోల్ సీసా తెరిచి ల్యాబ్‌కి పంపి తేల్చుకోవచ్చు కదా?

ఉప్పుగాలి:
వద్దు. ఆ సీసా మనది కాదు అనుకో. మన దగ్గర దాచిపెట్టిన ప్రభుత్వ సాక్ష్యం అది. అధికారులు అడిగితే ఇవ్వాలి, మనం సీలు తెంచకూడదు. నీ వ్యాపార గొడవకి నీ సొంత సీసా ఉండాలి. అందుకే నేను మా నౌకల్లో ల్యాబ్‌కి ఒకటి పోగా సొంతానికి ఇంకొకటి ఉంచమంటాను.

ఎందుకంటే 2022లో సింగపూర్‌లో ఏం జరిగిందో గుర్తుందా? క్లోరిన్ కలిసిన కర్బన పదార్థాలున్న ఆయిల్ దాదాపు 200 నౌకలకి వెళ్లింది. సుమారు 80 నౌకల్లో ఫ్యూయల్ పంపులు, ఇంజన్లు ఇబ్బంది పెట్టాయి. మామూలు ఐఎస్ఓ 8217 (నౌకా ఇంధన ప్రమాణం) పరీక్షల్లో అది తేలలేదు, జీసీఎంఎస్ అనే లోతైన రసాయన పరీక్ష చేస్తేనే బయటపడింది. 2018 హ్యూస్టన్ గొడవ కూడా ఇలాంటిదే. ఇలాంటప్పుడు రెండోసారి వేరే పరీక్ష చేయించాలంటే సీలు పోని సీసా ఒకటి చేతిలో ఉండాలి. ల్యాబ్‌కి పంపిన మొదటి సీసా అప్పటికే సగం ఖర్చయిపోయి ఉంటుంది.

గడువు కూడా చూసుకోవాలి. కొన్ని అమ్మకపు షరతుల్లో నాణ్యత మీద ఫిర్యాదుకి 14 రోజులే ఇస్తారు, కొన్నిట్లో 30. కొరియర్‌లో వారం పోతే ఎంత మిగులుతుందో లెక్క వేసుకోండి. రిపోర్ట్ వచ్చేదాకా కొత్త ఆయిల్ విడిగా ఉంచి, దాన్ని ముట్టుకోకుండా ఉండగలిగితే అంతకంటే హాయి లేదు.

కొత్త_ఫోర్త్:
అదృష్టం కొద్దీ రెండు ఖాళీ ట్యాంకుల్లోకే తీసుకున్నాం, పాత ఆయిల్‌తో కలవలేదు. ఇక ఆ 27 సీసాల గురించి ఎవరైనా...

డెక్_సెకండ్:
12 నెలలు దాటినవి పారేయడమే కదా. స్లడ్జ్ (వ్యర్థ నూనె) ట్యాంకులో పోసెయ్.

పాత_చీఫ్:
ఆగు ఆగు. నిబంధన సరిగ్గా చదువు. ఆయిల్ "దాదాపు అంతా వాడేసేదాకా" ఉంచాలి, ఎలా చూసినా 12 నెలలకి తగ్గకూడదు. 12 నెలలు కనీస గడువు మాత్రమే. 14 నెలల కిందటి ఆయిల్ ఏదో ట్యాంకులో ఇంకా ఉంటే దాని సీసా కూడా ఉండాలి. బీడీఎన్ అయితే మూడేళ్లు. సీసా పోయాక కూడా కాగితం ఉంటుంది.

ప్యూరిఫయర్ రూమ్ నుంచి ముందు బయటికి తీయి. అక్కడి వేడికి మూత కాస్త వదులైనా తేలిక భాగాలు ఆవిరైపోతాయి. అప్పుడు ఫ్లాష్ పాయింట్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. క్యాబిన్ల వైపు పెట్టకు, ఆ ఆవిరి మనుషులు పీల్చకూడదు. ఎండ పడని, వేడెక్కని, గాలి ఆడే చోటు చూడు. మా నౌకలో డెక్ మీద నీడ పట్టున ఒక స్టీలు బీరువా ఉండేది, లోపల గుడ్డు అట్టల్లాగా గళ్లు. సముద్రం ఎంత ఊగినా సీసా పడేది కాదు. తాళం చెవి చీఫ్ దగ్గర.

ఉప్పుగాలి:
దానితో పాటు ఒక రిజిస్టర్ పెట్టు. తేదీ, రేవు, బార్జ్ పేరు, గ్రేడు, సీలు నంబరు, బీడీఎన్ నంబరు, ఏ ట్యాంకులోకి తీసుకున్నారు, ఆ ట్యాంకు ఎప్పుడు ఖాళీ అయింది, సీసా ఎప్పుడు తీసేశారు. మార్పోల్ సీసా సీలు నంబరు బీడీఎన్ మీద కూడా రాయించు, రెండూ కలవకపోతే ఇన్‌స్పెక్టర్‌కి అంతకంటే పని ఉండదు. గ్యాస్ ఆయిల్ తీసుకుంటే దానికి వేరే శాంపిల్, ఒకే గ్రేడు రెండు బార్జ్‌ల నుంచి వస్తే రెండు. ఇవి మర్చిపోయేవాళ్లు చాలామంది.

మోటార్‌మ్యాన్9:
లేబుల్ చెరిగిన సీసాలకి ఒక చిట్కా. ప్లాస్టిక్ సీలు మీద నంబరు పోదు కదా, దాన్ని పాత బీడీఎన్‌లతో పోల్చి చూడండి. మేము 11 సీసాల్లో 9 అలా పట్టుకున్నాం.

కొత్త_ఫోర్త్:
ఆరు రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను.

మోటార్‌మ్యాన్9 అన్నా, మీ చిట్కా పనిచేసింది. 27లో చెరిగినవి 8. సీలు నంబర్లతో 7 దొరికాయి. ఎనిమిదోదానికి సీలే లేదు, అదేమిటో ఎవరికీ తెలియదు. విడిగా పెట్టి రిజిస్టర్‌లో అలాగే రాశాం.

మూడు గంటల క్యూబిటైనర్‌ని "మొదటి 3 గంటలు మాత్రమే" అని రాసి ల్యాబ్‌కి పంపాం. ట్యాంకు శాంపిల్ వేరే సీసాలో. రెండిట్లోనూ సల్ఫర్ 0.47, నీళ్లు మామూలుగానే ఉన్నాయి. అల్యూమినియం, సిలికాన్ (ఇంజన్ని అరగదీసే గట్టి రేణువులు) కలిపి డ్రిప్ శాంపిల్‌లో 31 పీపీఎం. పరిమితి 60 కాబట్టి పర్వాలేదు, ప్యూరిఫయర్లు రెండూ తక్కువ ఫ్లోలో నడపమని చీఫ్ సార్ చెప్పారు. సప్లయర్ నుంచి ప్రొటెస్ట్‌కి "అందింది" అని ఒక్క లైన్ వచ్చింది, అంతే.

పారేయాల్సినవి అని పాత ఫోర్త్ పెన్సిల్‌తో టిక్ పెట్టిన సీసాలు ఐదు ఉన్నాయి. వాటిలో ఒకటి 14 నెలల కిందటిది. ట్యాంకులతో పోల్చి చూస్తే ఆ ఆయిల్ మూడో నంబర్ పోర్ట్ (ఎడమవైపు) ట్యాంకులో ఇంకా 90 టన్నులు ఉంది. టిక్ చెరిపేశాను.

పాత_చీఫ్:
ఆ మూడో పోర్ట్ ట్యాంకు ఖాళీ అయ్యేటప్పటికి నువ్వు సైన్ ఆఫ్ అయిపోయి (కాంట్రాక్టు ముగిసి దిగిపోయి) ఉంటావేమో. హ్యాండోవర్ నోట్‌లో ఆ సీసా నంబరు రాసి పెట్టు. పెన్సిల్‌తో కాదు.